ఇరవై రెండు నత్తగుల్లలు

మొన్న ఆదివారం పొద్దున హాల్లో చాప పరుచుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. ప్యాకెట్ పప్పులో రాళ్ళుండవని మా కోడలు ఎన్నిసార్లు చెప్పినా, లేవని నా కళ్ళతో చూసుకుంటే తప్ప పొయ్యి మీదికి ఎక్కించడం నాకు చేతకాదు. పక్కనే సోఫాలో మనవరాలు ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని, చెవులకు కొబ్బరి చిప్పల వంటివి తగిలించుకుని, ఎక్కడెక్కడో ఉన్న స్నేహితులతో కలిసి యుద్ధం చేస్తున్నది. నక్షత్రాల నడుమ యుద్ధమట. ఓడలున్నాయి, సైన్యాలున్నాయి, రంగురంగుల గ్రహాలున్నాయి. అయితే గంట నుంచి ఒక్క గుండూ పేలలేదు, వాళ్ళ మాటలన్నీ లెక్కల మాటలే. చప్పుడు లేని యుద్ధమేమిటే అని అడిగితే, తల తిప్పకుండానే జవాబిచ్చింది.

"కొట్లాడుడు అల్కగనే ఉంటది నానమ్మా. అక్కడిదాంక తీస్కపోవుడే పరేషాన్. ఓడకు ఇంధనం కావాలె, ఆ ఇంధనం మోసే ఓడకు గుడ ఇంధనం కావాలె. ఇప్పుడు మా దగ్గర పోనీకే ఉంది, వాపస్ వచ్చేందుకు లేదు. పంపాల్నా, వద్దా? నువ్వే చెప్పు."

గోడను అడిగినట్టు నవ్వుతాలకు అడిగింది. కానీ నా చేయి పప్పులోనే ఆగిపోయింది. ఈ ప్రశ్న నన్ను ఒకరు అడిగి యాభై ఏళ్ళు దాటింది. అప్పుడు నేను చెప్పిన జవాబును ఇంతవరకు ఎవరి ముందూ విప్పలేదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన సంవత్సరం. మా ఊరు నార్సింగికి ఈవల, గుట్టల నడుమ నలభై గడపలు. పటేలు ఇంటి అరుగు మీద రేడియో పెడితే ఊరంతా వచ్చి కూర్చుని విన్నది. విన్నవారిలో సగం మంది నమ్మలేదు. మా అమ్మ నమ్మింది గాని, పరాయివాళ్ళ లోకానికి చెప్పులతో పోవడం మర్యాద కాదన్నది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. నాలుగో తరగతితో చదువు మానిపించి మేకల వెంట పంపారు. నాకంటే రెండేళ్ళు చిన్నదైన చెల్లె మాత్రం బడికి పోయేది, బడి లేని పూట నాతో పాటు మేకల దగ్గరికి వచ్చేది.

మాకు ఆ ఆట నేర్పింది మా మేనమామ. ఆయన పటాలంలో ఉండి వచ్చినవాడు. తుపాకీ పట్టిన సిపాయి కాదు, పైన మంచుకొండల్లో ఉన్న సిపాయిలకు కంచర గాడిదల మీద తిండి చేరవేసినవాడు. ఆ మంచులోనే ఎడమకాలి వేళ్ళు పోయాయి, పుండు మాత్రం పోలేదు. పెళ్ళి లేదు, ఇల్లు లేదు, మా ఇంటనే ఉండేవాడు. రోజూ పొద్దున చెల్లె వేపాకు నీళ్ళు కాచి ఆ కాలు కడిగి పాతగుడ్డ చుట్టేది. ఆ వాసనకు నేను కొంగు అడ్డం పెట్టుకుని దూరం పోయేదాన్ని. అది మాత్రం వంగి, ఎక్కడ ఎర్రగా ఉంది, ఎక్కడ చీము పట్టింది అని చదువుకునే పుస్తకం చూసినట్టు చూసేది. నెలకొకసారి మామ బస్సెక్కి పట్నంలో పెద్ద దవాఖానకు పోయి వచ్చేవాడు. అక్కడ తెల్లబట్టల అమ్మలు కట్టు ఎట్లా కడతారో చెప్పమని చెల్లె ఆయన ప్రాణం తీసేది.

ఇక ఆట సంగతి. మా మేకలు మేసే గుట్ట మీద నాలుగు పెద్ద బండలు, ఒకదానికొకటి ఎడంగా ఉండేవి. మామ వాటిని నాలుగు లోకాలన్నాడు. ఈవలి బండ భూమి, రెండోది చంద్రుడు, మూడోది అంగారకుడు. నాలుగోదానికి ఆయన శని అని పేరు పెడితే, ఆ పేరు రోజూ పిల్లల నోట పలికించవద్దని అమ్మ కోప్పడింది. అందుకని అది ఉత్త 'అవతలి బండ' అయింది. సీతాఫలం గింజలు సిపాయిలు. ఆ ఏడు గుట్ట నిండా సీతాఫలాలే కాబట్టి సిపాయిలకు కొదువ లేదు. పూటకు ఒక్కో సిపాయికి ఒక జొన్న గింజ తిండి. బండకూ బండకూ నడుమ గాలి లేదని మామ షరతు పెట్టాడు, దాటే ప్రతివాడూ తన ఊపిరి తానే మోసుకుపోవాలి. ఆ ఊపిరికి నత్తగుల్లలు. చెరువు ఒడ్డున ఏరిన ఖాళీ గుల్లలు, లోపల గాలి తప్ప ఏమీ లేనివి. ఒక్కడు ఒక్క ఎడం దాటడానికి ఒక్క గుల్ల. దాటాక ఆ గుల్లను కాలితో నలిపేయాలి, పీల్చిన ఊపిరి మళ్ళీ రాదు గదా. మన జెండా నాటిన బండ మీద మాత్రం గాలికి లోటు లేదు.

ఎంత ఏరినా వంద గుల్లలే దొరికాయి, రెండు జట్లకు చెరి యాభై. ఒక జట్టు మాది, ఒక జట్టు మా మేనత్త పిల్లలది. వాళ్ళకు మా పెద్ద బావ సేనాధిపతి. మా జట్టుకు చెల్లె. దానికి బండలెక్కడం, ఎదుటివాళ్ళ ఎత్తు పసిగట్టడం బాగా వచ్చు. నాకు అవేవీ రావు. కాబట్టి తిండి గింజలు, గుల్లలు ఉన్న బుట్ట నాకప్పగించి, నేను ఇస్తేనే ఎవరైనా కదలాలన్నారు. ఆ పదవి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పిరికెడు గింజలు తీసి ఇవ్వవలసిన చోట వేళ్ళతో లెక్కపెట్టి ఇచ్చేదాన్ని. ఇరవై మందిని తీసుకుపోతానని చెల్లె అంటే పద్నాలుగు మంది చాలన్నాను. పద్నాలుగు మందే పోయారు.

ఇది నేను అమ్మ దగ్గర నేర్చిన విద్య. మా ఇంట్లో వెదురుతో అల్లి పేడతో అలికిన గుమ్మి, నిలువెత్తుది, జొన్నలకు ఉండేది. ఎంత కరువొచ్చినా గుమ్మి అడుగు కనబడనియ్యొద్దని అమ్మ మాట. అడుగు గీరిన ఇంట్లో లక్ష్మి నిలవదట. వంగి చేట నింపుతున్నప్పుడు చేతికి అడుగు తగిలేలా ఉంటే, ఆ పూటకు అంబలితో సరిపెట్టేది గాని గీరేది కాదు. మా మామ నన్ను చూసి నవ్వేవాడు.

"నువ్వు పటాలంల ఉంటే ఒక్క గింజ గుడ కింద పడదు బిడ్డా."

ఆ మాట నాకు బంగారు కడియం తొడిగినట్టు ఉండేది.

ఆట ముదిరేసరికి మామ పందెం పెట్టాడు. అవతలి బండ ఎవరిదైతే ఆ జట్టు సేనాధిపతిని తనతో బస్సులో పట్నం తీసుకుపోతాడు. దవాఖాన లోపలికి కూడా తీసుకుపోతాడు. ఆ మాట విన్న రాత్రి నుంచి చెల్లెకు నిద్ర లేదు. బావకేమో దవాఖాన మీద మోజు లేదు, బస్సెక్కితే చాలు.

పద్నాలుగు మందితో చెల్లె చంద్రుణ్ణి దాటింది, అంగారకుణ్ణి పట్టింది. అక్కడ ముగ్గురు పోయి పదకొండు మంది మిగిలారు. అవతలి బండ మీద బావ వాళ్ళు ఎనిమిది మందే ఉన్నారు. మా ఆటలో ఎక్కువ మంది ఉన్నవాళ్ళదే గెలుపు. బావకు సాయంత్రానికి ఇంకో ఆరుగురు రాబోతున్నారు. చెల్లె దగ్గర తిండి ఆ ఒక్క పూటకే ఉంది, వెనక నుంచి చేర్చడానికి వేళ లేదు. దాటితే అప్పుడే దాటాలి, లేదంటే తిండి లేక పదకొండు మందీ అక్కడే రాలిపోతారు. చెల్లె బండ మీంచి దిగి పరుగెత్తుకు వచ్చి నా ముందు నిలబడింది. దాని మోకాళ్ళకు రక్తం, జుట్టు నిండా పల్లేరుకాయలు.

"అక్కా, పదకొండు గుల్లలియ్యి. పోనీకి సాలు. రాను సంగతి నేను జూసుకుంట."

నా బుట్టలో ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. యాభైలో పద్నాలుగు మంది రెండు ఎడాలు దాటడానికి ఇరవై ఎనిమిది ఇచ్చాను, ఇరవై రెండు ఉన్నాయి. పోవడానికి పదకొండు, మళ్ళీ అంగారకుడికి రావడానికి పదకొండు. సరిగ్గా ఉన్నాయి. కానీ అవి ఇస్తే బుట్ట అడుగు కనబడుతుంది. ఆ అడుగు కళ్ళ ముందు మెదిలింది. ఆట అని నాకు తెలియక కాదు. గుట్ట మీద ఎండలో నిలబడి, తోడబుట్టినదాని ముఖం చూస్తూ, బుట్ట మీద గుడ్డను ఇంకా బిగించి కట్టాను.

"పోయినోళ్ళు మల్ల రావాలె గద. రాను గాలి లేదు. బుట్టల సగం గుల్లలు పగిలినయి."

చెల్లె బుట్ట వైపు చూసింది. గుడ్డ విప్పమని అడగలేదు. అక్క అబద్ధమాడుతుందని ఎన్నడూ అనుకోనిదానికి అడగాలని ఎట్లా తోస్తుంది?

"జరన్ని గుడ లేవా?"

"లెవ్వు."

పొద్దు గుంకేవేళకు షరతు ప్రకారం పదకొండు గింజలనూ బండ మీంచి ఊడ్చేశారు. బావ అవతలి బండ మీద నిలబడి మేకపోతులా అరిచాడు. చెల్లె ఏడవలేదు. మేకలను తోలుకుంటూ నాకంటే ముందు నడిచింది. మామ కుంటుకుంటూ నా పక్కన వచ్చాడు. బుట్ట ఎంత బరువుందో, దాన్ని నేను ఏ చంకన పెట్టుకున్నానో చూసే ఉంటాడు, జీవితమంతా బరువులు మోయించినవాడు.

"పటాలంల నీ అసుంటోళ్ళు ఉంటే ఒక్క గింజ కింద పడదు బిడ్డా, నిజమే. ఒక్క మనిషి గుడ ముందలికి పోడు."

అంతే అన్నాడు. మరుసటి నెల బావ బస్సెక్కి పోయి, బిస్కెట్లు తిని వచ్చి, దవాఖాన వాసనేస్తుందని చెప్పాడు. చెల్లె వాణ్ణి ఏమీ అడగలేదు. ఆ తరువాత మేము ఆ ఆట ఆడలేదు. గుల్లలు ఏంచేశానంటారా, వాన పడిన ఒకరోజు చెరువులో పారేశాను. నీళ్ళ మీద కాసేపు తేలి మునిగిపోయాయి.

తరువాత మూడేళ్ళకు అమ్మ పోయింది. మగపిల్లలు లేని ఇల్లు కాబట్టి మా బావనే ఇల్లరికం తెచ్చి నాకు పెళ్ళి చేశారు. అవతలి బండ గెలిచినవాడు చివరికి మా ఇంటి గుమ్మి జొన్నలే తినవలసి వచ్చిందని ఆయన ఉన్నన్నాళ్ళూ నేను దెప్పుతూనే ఉన్నాను. గుమ్మి నా చేతికి వచ్చింది. మా నాయన ఒక పూట కూడా అందులో ఎన్ని ఉన్నాయని అడిగి ఎరుగడు.

చెల్లె పదో తరగతి పాసైంది. మా ఊళ్ళో అప్పటికి అంత చదివిన ఆడపిల్ల లేదు. దాని పంతులమ్మ అంత దూరం నడిచి మా ఇంటికి వచ్చి, నర్సు చదువుకు దీనికి చోటు దొరుకుతుంది, రెండేళ్ళు పంపండి అని చెప్పి పోయింది. పట్నంలో మాకు చిన్నమ్మ వరుస ఆమె ఒకతె ఉండేది. ఉండడానికి చోటిస్తాను, కిరాయి వద్దు, పిల్ల తినే గింజలు మీరే పంపండి, నెలకు మూడు కుంచాలు చాలు అన్నది. రెండేళ్ళకు డెబ్బై రెండు కుంచాలు. నేను గుమ్మి మీద మూత తీసి చాలాసేపు చూశాను. ఉన్నాయి. మాకు పోను కూడా ఉన్నాయి. కానీ ఆ ఏడు వాన సరిగా పడలేదు. వచ్చే ఏడు కూడా పడకపోతే? నడిమిట్ల గింజలు ఆగిపోతే పిల్ల పట్నంలో ఏం తింటుంది, చదువు సగంలో విడిచి ఏ ముఖంతో వస్తుంది? ఇట్లా అన్నీ ముందుగా ఆలోచించడమే తెలివి అనుకున్నాను. పోవడానికి ఉన్నాయి గాని రావడానికి లేవన్నాను, మొదటి ఏడు గడుస్తుంది గాని రెండో ఏడు గడవదని. మామ లేచి నిలబడ్డాడు. అప్పటికి ఆయన కాలు ఇంకా చెడింది.

"మోసుడు నాకిడిసిపెట్టు బిడ్డా. నెలకోపారి సైకిల్ మీద నేను దించొస్త. గుట్టల మీదికి మోసినోన్ని, పట్నానికి మొయ్యనా? గింజలే నువ్వియ్యి."

చెల్లె దర్వాజ దగ్గర నిలబడి ఉంది. గుట్ట మీద నా ముందు నిలబడినప్పటి చూపే. నేను గుమ్మి మీద మూత పెట్టి, దాని మీద చేట బోర్లించాను. అదే నా జవాబని అందరికీ తెలిసింది. పంతులమ్మకు రాలేనని చెప్పడానికి చెల్లె తానే పోయింది, పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చి, చేతులు కడుక్కుని, మామ కాలికి కట్టు మార్చింది. మరుసటి ఎండాకాలంలో శంకరపల్లి దిక్కు సంబంధం వస్తే ఇచ్చి పంపాము. మంచివాళ్ళే. పొలం పని, ఇంటి పని, ముగ్గురు పిల్లలు.

దాని పెళ్ళయిన ఏడు వాన బాగా పడి, పంట విరగపండింది. కొత్త జొన్నలు పోయడానికి గుమ్మి ఖాళీ చేస్తే, అడుగున రెండు మూరల మందాన పాత జొన్నలు ముక్కపురుగు పట్టి పిండిపిండిగా ఉన్నాయి. చెల్లె రెండేళ్ళు తిన్నా మిగిలేన్ని. వాకిట్లో పారబోస్తే కోళ్ళు ముక్కుతో పొడిచి చూసి పోయాయి. మామ అరుగు మీద కూర్చుని అంతా చూశాడు. నేను ఆయన ఏదైనా అంటాడని, అంటే బాగుండునని ఎదురుచూశాను. ఆయన చీపురు తీసుకుని, కుంటుకుంటూ వచ్చి, ఆ పిండినంతా దిబ్బ మీదికి ఊడ్చాడు. మరుసటేడు ఆయన పోయేటప్పుడు చెల్లె అత్తగారింటి నుంచి వచ్చి, చివరి పది రోజులూ ఆ కాలు తానే కడిగింది.

ఇప్పుడు మా గుట్ట లేదు. నాలుగు బండలనూ ఒకదాని తరువాత ఒకటి మందుపెట్టి పేల్చారు. అవతలి బండ ఉన్నచోట అద్దాల మేడ లేచింది, మా మనవరాలు ఉద్యోగం చేసేది ఆ వరుసలోనే. పొద్దున బండి వచ్చి తీసుకుపోతుంది, సాయంత్రం తెచ్చి దింపుతుంది. పోనూ రానూ దానికి ఎవరినీ అడిగే పని లేదు. చెల్లె ప్రగతి నగర్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. రక్తపోటు చూసే మిషను ఒకటి కొనిపెట్టుకుంది. ఆ అపార్టుమెంటులో ఎవరికి ఏ గోళీ ఎప్పుడు వేసుకోవాలో దానికే తెలుసు, చేయి కాలినా కాలు బెణికినా ముందు దాని దగ్గరికే వస్తారు. అందరూ దాన్ని నవ్వులకు డాక్టరమ్మ అంటారు. అది నవ్వుతుంది. నేను అక్కడ ఉన్నప్పుడు ఎవరైనా ఆ మాట అంటే, నీళ్ళు తాగే నెపంతో లోపలికి పోతాను.

ఆదివారం మనవరాలికి నేను చెప్పిన జవాబు, పంపు అని. పోనీకి ఉన్నప్పుడు పంపు, రాను సంగతి పోయినంక జూసుకుందురు అన్నాను. దానికి ఆశ్చర్యమైంది. లైటు వేసి ఉంటే ఆర్పే నానమ్మ ఇట్లా అంటుందని అది అనుకోలేదు. ఓడలను పంపారు. కాసేపటికి ఓడిపోయారట. ఓడిపోయి అందరూ పకపకా నవ్వుతున్నారు, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారట.

నేను పప్పు అక్కడే వదిలి చెల్లెకు ఫోను చేశాను. మనవరాలి ఆట గురించి చెప్పాను. మన బండల ఆట గుర్తుందా అన్నాను. ఎందుకుండదు అన్నది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, నేను ఎత్తకముందే అదే అడిగింది.

"అక్కా, ఆ దినం నీ బుట్టల నిజంగ ఎన్ని గుల్లలుండె?"

"ఇరవై రెండు."

"పగిలినయంటివి గద."

"పగల్లేదు."

ఫోనులో అటువైపు మిక్సీ తిరుగుతున్న మోత, ఎవరో బాబును పిలుస్తున్న గొంతు వినిపిస్తున్నాయి. తరువాత తనలో తాను అనుకున్నట్టు, పోను పదకొండు, రాను పదకొండు అన్నది. ఆ వెంటనే, మోకాలి గోళీ వేసుకున్నావా అని నన్ను అడిగింది. వేసుకున్నానన్నాను. అన్నం తిన్నంకనే వేసుకోవాలె, పరగడుపున గాదు అని గట్టిగా చెప్పింది.

గుల్లల సంగతి అడిగింది గాని గుమ్మి సంగతి అడగలేదు. అడుగుతుందేమోనని, అడిగితే ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాలని, అది ఫోను పెట్టేసిన తరువాత కూడా చెవి దగ్గర పట్టుకుని కూర్చున్నాను.